మధ్యలో ఆగే విమానం

మా ఆఫీసుకు టికెట్ కొనడానికి వచ్చేది ఎక్కువగా మగవాళ్లు. ప్రయాణం చేసేది ఇంటిల్లిపాదీ. ఈ చిన్న సంగతి తలకెక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎక్కాక మాత్రం ఈ ఉద్యోగం మీద ఇష్టం పెరిగింది.

హైదరాబాద్ పాతబస్తీలోని షాలిబండలో ఒక గాజుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే వచ్చే రెండు గదుల్లో ఉంటుంది మా ట్రావెల్స్ ఆఫీసు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా నాన్న, టైపు పరీక్ష పాసైన నన్ను అక్కడ చేర్పించి, దీపాలు పెట్టేలోపు ఇంట్లో ఉండాలని ఒక్క షరతు పెట్టారు. ఆ షరతు మొదటి నెలలోనే పోయింది. ఉద్యోగం మొన్న మొన్న రిటైరయ్యేదాకా నిలిచింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు కంప్యూటర్ నాకన్నా బాగా వచ్చు. ఏ విమానం ఎప్పుడు బయలుదేరుతుంది, ఏ సీటు ఖాళీగా ఉంది అన్నది ప్రయాణికుడి ఫోన్లోనే కనిపిస్తుంది. అలాంటప్పుడు మన దగ్గరికి ఎందుకొస్తారని నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన నవీన అడిగింది. ఫోన్ అడగని ప్రశ్నలు మనం అడుగుతామని వస్తారు, అన్నాను. ఆ అమ్మాయికి అది జవాబులా తోచలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

చాయ్ తాగేంత సేపు

నాకు పని నేర్పింది మా యజమాని వహీద్ సాబ్. తెల్లని లాల్చీ, చెవి వెనక ఒక పెన్ను, మాట్లాడితే సగం ఉర్దూ, సగం తెలుగు. ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. తప్పు చేస్తే మాత్రం ఆ తప్పును ఒక కథగా మార్చి, మర్నాడు చాయ్ తెచ్చేవాడికి కూడా వినిపించేవారు. అందులో ఆయన తప్పులకూ మినహాయింపు లేదు.

ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ సొంత కుటుంబానిదే. ఒకసారి లండన్‌లో ఉన్న బావమరిది ఇంటికి సెలవులకు భార్యా పిల్లలతో, తమ్ముడి కుటుంబంతో కలిసి బయలుదేరారు. గల్ఫ్‌లో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. టికెట్లు ఆయనే చూసుకున్నారు. రెండు విమానాలకూ మధ్య వ్యవధి చాలా తక్కువ. కాగితం మీద అది సరిపోతుంది. ఆ వ్యవధిలో ఒక పెద్దావిడ బాత్రూంకు వెళ్లి వస్తుందనీ, ఒక పిల్లవాడు కదిలే మెట్ల దగ్గర ఏడుస్తాడనీ, చెప్పు తెగుతుందనీ కాగితం మీద ఉండదు. బేగం సాబ్ ఒక చెప్పు చేతిలో పట్టుకుని, ఎయిర్‌పోర్టు ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తారు. విమానం అందింది. పెట్టెలు అందలేదు. లండన్ చేరాక అందరూ బావమరిది ఇంట్లోవాళ్ల స్వెటర్లు తొడుక్కుని తిరిగారు. ఆ సెలవుల ఫోటోల్లో వహీద్ సాబ్ మోకాళ్ల దాకా వచ్చే ఎర్రటి ఆడవాళ్ల కోటులో నవ్వుతూ ఉంటారు. ఆ ఫోటో చాలాకాలం మా ఆఫీసు గోడ మీదే ఉండేది.

అప్పటినుంచి ఆయన పెట్టిన నియమం ఒకటే. "నడుమ దిగిన చోట కూర్చొని ఒక చాయ్ తాగేంత టైం లేకుంటే ఆ టికెట్ అమ్మొద్దు, కరుణా బేటీ."

ఆ నియమం నేను ఎన్నడూ దాటలేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో పోయేవాళ్లకు మధ్యలో ఆగే విమానం ఇస్తే అది ఆగినట్టు ఉండాలి. పరుగు పందెంలా ఉంటే నేరుగా పోవడమే మేలు. ఇంకో మాట. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం ఉన్న ఒకాయనకు వాళ్ల మేనల్లుడు ఫోన్లోనే రెండు వేరువేరు టికెట్లు కొనిపెట్టాడు. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్లిపోయింది. రెండో కంపెనీవాళ్లు మాకేం సంబంధం అన్నారు. వాళ్ల దృష్టిలో అది న్యాయమే. పాపం ఆయన కుటుంబాన్ని తీసుకుని ఆ ఎయిర్‌పోర్టులోనే పడిగాపులు పడ్డాడు.

అందరికీ పనికిరాదు

మధ్యలో దిగే ప్రయాణమంటే నాకు ఇష్టమని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా ఎదుటివాళ్లను చూడకుండా దాన్ని అంటగట్టడం తప్పని మలక్‌పేట నుంచి వచ్చిన ఒక జంట దగ్గర తెలిసింది. భర్త ఎవరో చెప్పగా విని, పోతూ పోతూ రెండు ఊళ్లలో దిగి చూస్తే టికెట్‌కు ఫలం దక్కినట్టు ఉంటుందని ఉత్సాహంగా చెబుతున్నాడు. నేనూ తల ఊపుతున్నాను. పక్కన భార్య ఒళ్లో చంటిపిల్లను వేసుకుని కూర్చుంది. పిల్ల అప్పుడే నిద్రపోయింది. మీకెలా ఉంటే బాగుంటుందమ్మా అని ఆమెను అడిగాను.

"నాకు ఊళ్లు వద్దక్కా. నిద్ర కావాలె," అంది.

ముగ్గురం నవ్వుకున్నాం. వాళ్లకు నేరుగా వెళ్లే విమానంలో, గోడకు ఆనుకుని ఉయ్యాల తగిలించే సీటు చూసి ఇచ్చాను. చంటిపిల్ల ఉన్న తల్లికి మధ్యలో దిగడమంటే పడుకోబెట్టిన బిడ్డను రెండుసార్లు లేపడమే. ఆమెను అడగకపోయి ఉంటే ఆ పాపం నాదయ్యేది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా నాకు గుర్తుండిపోయిన ప్రయాణం సంగతి చెబుతాను. రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది.

నలుగురికే టికెట్లు

లాల్‌దర్వాజ వెనక గల్లీలో పాల వ్యాపారం చేసే నర్సింగరావు ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చాడు. వాళ్లది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఇల్లు. నర్సింగ్ తల్లి యాదమ్మ మా గల్లీకి పాలు పోసేది. తలమీద చుట్టకుదురు, దానిమీద బిందె, నడుముకు వేలాడే చిన్న గ్లాసు, ఇంటింటికీ ఒక పలకరింపు. ఇప్పుడు గేదెలన్నీ ఊరి బయట షెడ్లలో ఉన్నాయి. పాలు వ్యాన్లలో మిఠాయి దుకాణాలకు పోతున్నాయి. కొడుకు బాగా పైకొచ్చాడు.

పొద్దున, సాయంత్రం పాలు పిండాల్సిన ఇంటికి సెలవులన్న మాటే ఉండదు. పెళ్లైన ఇన్నేళ్లలో నర్సింగ్, అతని భార్య స్వరూప పిల్లలతో కలిసి ఒక వారం ఎక్కడికీ పోలేదు. ఈసారి బావమరిది షెడ్ల బాధ్యత తీసుకుంటానని మాటిచ్చాడట. అందుకని పెద్ద ప్రయాణమే పెట్టుకున్నారు. హాలండ్. మన ఊరి నుంచి అక్కడికి నేరుగా విమానం ఉంది కాబట్టి అదే కావాలన్నాడు. తనకు, స్వరూపకు, ఇద్దరు పిల్లలకు.

యూరప్ అంటే అందరూ పారిస్ అంటారు, నువ్వు హాలండ్ అంటున్నావేంటి అని అడిగాను.

"అమ్మకు ఇష్టం అక్కా," అన్నాడు. అని, ఆ మాట తనకే ఎదురు తగిలినట్టు కిందికి చూశాడు.

మరి అమ్మకు టికెట్ లేదేమని అడిగాను. అప్పుడు చెప్పాడు. రెండేళ్ల కింద తల్లిని విమానంలో తిరుపతి తీసుకుపోదామని ఎక్కించారట. తలుపు వేయగానే ఆమెకు ఊపిరాడలేదు. లేచి నిలబడి దింపమని ఏడ్చింది. విమానం ఇంకా కదలలేదు కాబట్టి తలుపు తెరిచి దింపారు. మిగతా ప్రయాణికులు విసుక్కున్నారు, ఎవరో ఫోన్లో వీడియో తీశారు. నర్సింగ్ ఆ రోజంతా తల ఎత్తలేకపోయాడు. తర్వాత రైల్లో తీసుకెళ్లి దర్శనం చేయించాడు.

"తిరుపతికే గట్లైతే, తొమ్మిది పది గంటలు ఎట్ల గూసుంటది? నడుమ ఏమన్నైతె ఎవ్వలు జవాబు? మా చెల్లె ఇంట్ల ఉంచి పోతం. అమ్మ గూడ పోయి రాండ్రనే అన్నది."

అతను చెడ్డ కొడుకు కాదు. నిజంగానే భయపడ్డాడు. అయినా నాకు ఆ నాలుగు టికెట్లు చేయడానికి చేతులు రాలేదు. రెండు రోజులు ఆగమన్నాను. సీట్లు అయిపోతాయేమో అన్నాడు. నేను చూసుకుంటానన్నాను. వీసాలకు ఇంకా ఎవరూ అర్జీ పెట్టలేదు, పాస్‌పోర్టులు ఇంటిల్లిపాదికీ ఒకేసారి తీయించారు కాబట్టి యాదమ్మకూ ఉంది.

ఆమె దేనికి భయపడింది

ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. యాదమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. నేనూ నాలుగు కాయలు అందుకున్నాను.

హాలండ్ మీద అంత మనసెందుకని అడిగితే ఆమె ముఖం విప్పారింది. ఆమె భర్త బతికున్న రోజుల్లో, ఇంట్లో అన్నీ గేదెలే ఉన్నప్పుడు, మొదటిసారి నల్ల తెల్ల మచ్చల సంకర జాతి ఆవును తెచ్చాడట. గల్లీ అంతా చూడటానికి వచ్చిందట. అది ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, యాదమ్మను తప్ప. దీని జాతి హాలండ్ దేశం నుంచి వచ్చిందని పశువుల డాక్టర్ చెబితే, భర్త రోజూ దాన్ని తోముతూ, మీ అమ్మమ్మల ఊరు ఎట్లుంటదే అని దాన్నే అడిగేవాడట.

"ఆయన అడుగుతుండె, అది తోకూపుతుండె," అని నవ్వింది యాదమ్మ. "నాకు గూడ చూడాలనిపించేది. పచ్చిగడ్డిల ఇడిసిపెడితె అవి ఎట్ల మేస్తయో. మన దగ్గర పుట్టి పెరిగినయి సిమెంటు మీదనే నిలవడ్డయ్ గద."

అప్పుడు ఆ తిరుపతి విమానం సంగతి ఎత్తాను. అందరూ ఎత్తంటే భయం అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని, కిటికీ పక్కన కూర్చోకపోతే సరిపోతుందేమో అన్నాను. యాదమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎత్తు గాదు బిడ్డా. మోటరు మీద పాల క్యాన్ల మీదెక్కి కూసొని పోయినదాన్ని, నాకు ఎత్తేంది. తలుపు ఏసిన్రు. మల్ల ఎప్పుడు తీస్తరని అడిగితె ఎవ్వలు చెప్పలే. కూసో అమ్మా, కూసో అమ్మా అంటరు. తీసేది ఎప్పుడో తెల్వని తలుపెనక ఎట్ల కూసుంటరు?"

నా ఉద్యోగంలో ఇంతమందికి టికెట్లు చేశాను. భయాన్ని ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమెకు కావలసింది తలుపు ఎప్పుడు తెరుస్తారన్న మాట. పది గంటల తర్వాత అని చెబితే అది చెప్పకపోవడంతో సమానం. నాలుగు గంటల తర్వాత అంటే, హైదరాబాద్ నుంచి బస్సులో కర్నూలు దాకా పోయినట్టు. అది ఆమె ఎన్నోసార్లు పోయింది.

దుబాయ్ దాకా ఒక విమానం, అక్కడ దిగి ఒక రాత్రి పడక మీద పడుకుని, ఒక పూట ఊరు చూసి, ఆ తర్వాత రెండోది అని చెప్పాను. రెండో ప్రయాణం ఏడు గంటలని కూడా చెప్పాను. దాచితే అక్కడ తెలుస్తుంది, నా మాట పోతుంది.

యాదమ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని ఆలోచించింది. "దుబాయ్‌ల దిగినంక నాతోని గాకపోతె?"

మేం మాట్లాడుకునేది వింటూ గడపలో నిలబడ్డ స్వరూప ముందుకు వచ్చింది. "నీతోని గాకుంటె మనిద్దరం వాపస్ వచ్చేద్దం అత్తమ్మా. వాళ్లు ముగ్గురు పోయొస్తరు."

యాదమ్మ కోడలి వైపు చూసింది. నీకు కూడా హాలండ్ పోతది గదనే అంది. పోతే పోనీ అంది స్వరూప. అక్కడితో ఆ మాట అయిపోయింది. అయిదు టికెట్లే చేయాలని నేను నిశ్చయించుకున్నాను.

నర్సింగ్‌ను ఒప్పించడం

నర్సింగ్ ఒప్పుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. నేరుగా పోయే విమానం ఇంటి ముందుండగా మధ్యలో దిగడం ఏమిటని అతని వాదన. షెడ్లు వదిలి దొరికే వారంలో ఒక రోజు దారికే పోతుందన్నాడు. బంధువుల్లో చెప్పుకోవడానికి కూడా డైరెక్ట్ అంటేనే గొప్పట. ఇది నేను చాలామంది దగ్గర విన్నదే.

నేను అతనితో వాదించలేదు. అయిదుగురు పోతే ఆ పోయే రోజు కూడా సెలవే కదా అన్నాను. వహీద్ సాబ్ తన ఎర్రకోటు కథ చెప్పి, నీకు చాయ్ కాదు, దావత్ తినేంత టైం ఉందిలే అని నవ్వించారు. చివరికి నర్సింగ్, సరే అక్కా, ఏమన్నైతె నీదే జిమ్మా అని పోయాడు.

ఆ బాధ్యత నిజంగానే మోశాను. అంతా ఒకే టికెట్ మీద ఉండేట్టు చూశాను. దుబాయ్‌లో బయటికి వెళ్లడానికి వీసా తీయించాను. యాదమ్మకు తలుపు దగ్గరి వరసలో, నడవ పక్క సీటు, మోకాళ్ల నొప్పులకు వీల్‌చెయిర్ పెట్టించాను. మధ్యలోనే తిరిగి రావాల్సి వస్తే మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకున్నాను. స్వరూపకు ఒక్క మాట చెప్పాను. అయిపోతది, అయిపోతది అని బుజ్జగించకు, తలుపు తెరవడానికి ఇంకెంత సేపుందో నిజం చెబుతుండు.

దుబాయ్‌లో ఒక పూట

ఇక్కడి నుంచి నేను చూడలేదు. స్వరూప ఫోన్లో చెప్పింది కొంత, వచ్చాక అందరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పింది కొంత.

తలుపు వేయగానే యాదమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకుని స్వరూప చేతి మీద గీతలు పడ్డాయి. లేస్తుందేమోనని నర్సింగ్ వెనక సీట్లో సగం లేచే ఉన్నాడు. ఆమె లేవలేదు. పోతున్న ఎయిర్ హోస్టెస్‌ను ఆపి, హిందీలో, ఈ తలుపు మళ్లీ ఎప్పుడు తీస్తారని అడిగింది. ఆ అమ్మాయి వంగి, చక్కగా చెప్పింది. యాదమ్మ తలూపింది. ఆ తర్వాత మనవరాలు ముందున్న తెరమీద చిన్న విమానం బొమ్మ సముద్రం మీద కదులుతుండటం చూపించింది. దాన్ని చూస్తూ కూర్చుందట. అన్నం వచ్చినప్పుడు తిన్నది. పెరుగు మూత తీసి, వాసన చూసి, మూత పెట్టేసింది.

దుబాయ్‌లో తలుపు తెరుచుకుంది. వీల్‌చెయిర్ తోసే కుర్రవాడు ఆమె చీరకట్టు చూసి, ఎక్కడినుంచమ్మా, హైదరాబాదా అని ఉర్దూలో అడిగాడు. హౌ, లాల్‌దర్వాజ అంది. అతనిది యాఖుత్‌పురా. ఇక ఆ ఎయిర్‌పోర్టు పొడవునా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారట. అతని తల్లి ఆరోగ్యం, ఇక్కడి ఎండ, పాతబస్తీలో ఏ గల్లీలో ఇప్పుడు రోడ్డు తవ్వారు, అన్నీ. వెనక పెట్టెలు తోసుకుంటూ వస్తున్న నర్సింగ్‌కు నవ్వాగలేదు. పరాయి దేశంలో తల్లి నోరు మూతపడుతుందనుకున్నాడు. ఇంగ్లీషు రాని ఆమెకు ఆ ఊళ్లో అడుగడుగునా మాట్లాడేవాళ్లు దొరికారు. హోటల్లో గది సర్దే ఆయన, టాక్సీ నడిపే ఆయన, కూరగాయలమ్మే ఆయన, అందరితో ఉర్దూయే.

మర్నాడు పొద్దున చిన్న పడవలో కాలువ దాటి పాత బజారుకు పోయారు. దుకాణాలవాళ్లు చేతులు పట్టుకున్నంత పని చేసి పిలుస్తుంటే, చార్మినార్ దగ్గర చేసినట్టే బేరం చేసి, కోడలికీ కూతురికీ రుమాళ్లు కొన్నది. ఒక దుకాణంలో ఒంటెపాల సీసా కనిపించింది. ఆమెను అక్కడి నుంచి కదిలించడం ఎవరి వల్లా కాలేదు. కొనిపించి, ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని, జర ఉప్పగున్నయ్, మీగడ తక్కువ అని తీర్పు చెప్పింది. పిల్లలు ఆ మాటను ప్రయాణమంతా వాడుకున్నారు. ఏది తిన్నా, జర ఉప్పగున్నది, మీగడ తక్కువ.

మధ్యాహ్నం మళ్లీ ఎయిర్‌పోర్టు. ఆ సమయానికి నేను ఆఫీసులో ఎవరికో టికెట్ చేస్తూ, పేరులో అక్షరాలు రెండుసార్లు తప్పు కొట్టాను. వహీద్ సాబ్ గమనించి, ఫోన్ చూసుకో బేటీ, ముందు అది చూసుకో అన్నారు. ఫోన్లో ఏమీ లేదు.

అక్కడ గేటు దగ్గర స్వరూప అత్తగారి పక్కన కూర్చుని, ఇచ్చిన మాట ప్రకారం అడిగింది. ఈసారి ఏడు గంటలు అత్తమ్మా, నీకు కష్టమైతె చెప్పు, ఇద్దరం ఇక్కడి నుంచే ఇంటికి పోదం. నర్సింగ్ అన్నీ విని కూడా విననట్టు అద్దంలోంచి విమానాలను చూస్తున్నాడు.

యాదమ్మ అంది: "ఇంటికి పోవాలన్నా గదే తలుపు. హాలండ్ పోవాలన్నా గదే తలుపు. గిట్లైనా గట్లైనా ఏసేదే ఉంటె, ముందుకే పోదం పా."

వీల్‌చెయిర్ వద్దని నడిచి ఎక్కిందట. స్వరూప నాకు రెండు మాటలే పంపింది: "ఎక్కినం అక్కా." అది చదివి పైకే నవ్వాను. ఎదుట టికెట్ కోసం కూర్చున్నాయన తన పేరు చూసి నవ్వుతున్నాననుకున్నాడు. ఆయనకు ఇదంతా చెప్పి, ఒక చాయ్ తెప్పించాల్సి వచ్చింది.

పచ్చిగడ్డిలో ఆవులు

హాలండ్‌లో వాళ్లు కాలువలు చూశారు, గాలిమరలు చూశారు. అవన్నీ పిల్లల ఫోన్లలో ఉన్నాయి. యాదమ్మకు గుర్తున్నది మాత్రం ఊరి బయట ఒక పాడి రైతు ఇల్లు. చూడటానికి వచ్చేవాళ్లను లోపలికి రానిచ్చే చోటు.

కంచె అవతల, కనుచూపు మేరా గడ్డి. అందులో నల్ల తెల్ల మచ్చల ఆవులు. యాదమ్మ కంచె పట్టుకుని నిలబడి కళ్లు మూసుకుంది. స్వరూప భయపడి దగ్గరికి పోతే, ఆమె అవి గడ్డి తెంపే చప్పుడు వింటోందట. ఇంత చప్పుడైతదని తెల్వదే అంది.

రైతు భార్య ఈమె చూపు కనిపెట్టి లోపలికి పిలిచింది. ఒక ఆవు దగ్గరికొచ్చి యాదమ్మ కొంగు వాసన చూసింది. యాదమ్మ దాని గంగడోలు నిమిరి, పళ్లు చూసి, పొదుగు మీద చెయ్యి వేసి, ఎన్నో ఈత, ఎన్ని దూడలేసింది అని తెలుగులో అడిగింది. రైతు భార్య మూడు వేళ్లు చూపించింది. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్లూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ షెడ్డంతా తిరిగారు. నర్సింగ్ ఫోన్లో తర్జుమా చేసి చూపించబోతే ఇద్దరూ అతన్ని పక్కకు జరగమన్నారు. బయటికి వచ్చేటప్పుడు యాదమ్మ మచ్చల ఆవు మెడ మీద చెయ్యేసి, "మా ఇంటాయన నిన్ను మస్తు అడిగిండు," అని చెప్పి వచ్చింది.

ఆ మాట చెప్పి నర్సింగ్ ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. నేను అతనికి ఇంకో చాయ్ పోశాను.

తిరుగు ప్రయాణం

వాళ్లు తిరిగి రావాల్సిన ముందు రోజు ఉదయం నర్సింగ్ హాలండ్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చేటప్పుడు కూడా దుబాయ్ మీదుగానే టికెట్ ఉంది. అతను కొంచెం నసిగి, రిటర్న్ టికెట్లు మారుతాయా అక్కా, నేరుగా వచ్చే విమానానికి అన్నాడు. అమ్మకేమన్నా అయిందా అని అడిగాను. ఫోన్ యాదమ్మే లాక్కుంది.

"గేదె ఒకటి ఈనిందట బిడ్డా. నడుమ ఎక్కడ దిగేది లేదు. డైరెక్టుల ఎక్కియ్యి."

"తలుపు తీయడానికి తొమ్మిది గంటలు పడతది పెద్దమ్మా," అని గుర్తుచేశాను.

"ఎర్కనే. ఇంటి కాడనే గద తీసేది."

పాతవి రద్దు చేసి కొత్తవి చేశాను. నేరుగా వచ్చే విమానాన్ని ఆమె చేతనే అడిగించుకున్నానన్న ఆనందం నాకు కొన్నాళ్లు పోలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లతో నేను గట్టిగా చెప్పేది ఇదే. ఏ విమానం మంచిదని ఎవరడిగినా వెంటనే జవాబు చెప్పకండి. ఒకే మనిషికి పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి మంచిదవుతుంది.

వచ్చిన మర్నాడే యాదమ్మ స్వరూపను వెంటబెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కింది. చేతిలో ఒక స్టీలు డబ్బా, పసుపు కాగితం చుట్టిన ఒక గుండ్రటి ముద్ద. ముద్ద హాలండ్ చీజ్. దాన్ని అక్కడ ఎవరో జున్ను అని తర్జుమా చేసి చెప్పారట. అది ఆమెకు అస్సలు నచ్చలేదు. డబ్బాలో ఈనిన గేదె పాలతో వండిన అసలు జున్ను, బెల్లం, మిరియాలు వేసినది. రెండూ తినిపించి, దేన్ని జున్ను అనాలో చెప్పమని వహీద్ సాబ్‌ను నిలదీసింది. ఆయన రెండూ తిని, గొంతు సవరించుకుని, డబ్బా తన వైపు లాక్కున్నారు. అదే ఆయన తీర్పు.

అప్పుడే కొత్తగా పనిలో చేరిన నవీన నా పక్కన కూర్చుని జున్ను తింటూ, ఎలా ఉంది పెద్దమ్మా ప్రయాణం, మళ్లీ పోతారా అని మర్యాదకు అడిగింది. యాదమ్మ కుర్చీని ముందుకు లాక్కుంది.

"మా షెడ్డుల జెర్సీ ఆవులు గూడ ఉన్నయ్. అవి గూడ ఏదో ఊరి నుంచి వచ్చినయేనట గద. గా ఊరు ఏడుంటదో చూడు బిడ్డా."

నవీన వెతికింది. ఇంగ్లండ్ పక్కన సముద్రంలో చిన్న దీవి అనీ, ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదనీ, ఎటునుంచి పోయినా మధ్యలో ఎక్కడో ఒకచోట దిగాల్సిందేననీ చెప్పింది. చెప్పి, నిరాశ పడుతుందేమోనని నా వైపు చూసింది.

"దిగుదం తియ్," అంది యాదమ్మ. "ఏడేడ దిగొచ్చో ఒక్కొక్కటి చెప్పు."

నేను లేచి నా కుర్చీ నవీనకు ఇచ్చి, స్వరూపకు చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాను.